కంచె దగ్గర మా ఆవిడ

నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి చెప్పనక్కర్లేదు.

ఇంజినీరింగ్ హాస్టల్లో పక్క గదివాడి క్యాసెట్టు అరగదీసిన రోజుల నుంచీ ఆ ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ నాది. నేను పుట్టకముందు నుంచే వాయిస్తున్నారు, ఇంకా ఆపలేదు. అమెరికా వచ్చాక వాళ్లు టూర్‌కి వచ్చిన ప్రతిసారీ వెళ్లాను. డెట్రాయిట్‌కి, సెయింట్ లూయిస్‌కి, ఒకసారి మంచులో మిల్వాకీకి. ఇంట్లో ఐదు టూర్ల నల్ల టీషర్టులున్నాయి. స్టేజీ ముందుండే ఇనుప కంచెను మాత్రం ఒక్కసారీ తాకలేదు. నా ముందు ఎప్పుడూ తాటిచెట్టంత మనిషి ఒకడు నిలబడేవాడు. ఏ ఊళ్లోనైనా వాడే వస్తున్నాడేమో అనిపించేది.

కంచె దగ్గర చోటుకు ఒక పద్ధతుంది. ప్రతి కచేరీకీ ఫ్యాన్ క్లబ్ సభ్యుల పేర్లతో లాటరీ తీస్తారు. పేరొచ్చిన కొద్దిమందినీ అందరికంటే ముందు లోపలికి వదులుతారు. నా పేరు పదేళ్లుగా రాలేదు. వీసా లాటరీలో మూడోసారికి గట్టెక్కినవాణ్ణి కదా, మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ వేసే ఆ విద్యే ఈసారి ఇక్కడా వాడాను. మా ఆవిడను కూడా క్లబ్‌లో చేర్పించాను. ఇద్దరిలో ఎవరికి తగిలినా రెండోవాళ్లు డిపెండెంట్‌గా వెళ్లిపోవచ్చు! ఇలాంటి తెలివి మనవాళ్లకు తప్ప ఎవరికొస్తుంది? షరతులు చదవాలన్న తెలివి మాత్రం రాలేదు.

తగిలింది. ఆమెకి.

అరోరాలో మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఎండ తగ్గని వేసవి సాయంత్రం, ఆరుబయట స్టేజీ. గేటు దగ్గరి అమ్మాయి మా ఆవిడ లైసెన్సు చూసి చేతికి కాగితపు పట్టీ చుట్టింది. నేనూ చెయ్యి చాపాను. ఆ అమ్మాయి జాబితా చూసి తల అడ్డంగా ఊపింది.

“షీ ఈజ్ మై వైఫ్,” అన్నాను.

“కంగ్రాచులేషన్స్,” అంది.

మా ఆవిడ నా మొహం చూసింది. “పోనీ నేనూ మీతోనే వెనకాల ఉంటానండీ. పట్టీ తీసేయమంటారా?”

“ఛ, వెళ్లు. వచ్చింది వేస్ట్ చేసుకుంటామా?” అన్నాను, పళ్లు బిగబట్టి.

ఇంకోసారి అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. నా పాత టూర్ టీషర్టు చేతులు మోచేతుల దాకా వేలాడుతుంటే పరుగెత్తింది. అంతకుముందు ఆమె అలా పరుగెత్తగా చూసింది ఒక్కసారే, మా పాప ఉయ్యాల మీంచి పడినప్పుడు.

నేను వెనక గుంపులో నిలబడ్డాను. తాటిచెట్టు వచ్చి ముందు నిలిచాడు. కడుపు మండిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే కదా! ఈ పాటలను వంటింట్లో గిన్నెలు జారిపడ్డ చప్పుడనే మనిషికి కంచె, నాకు తాటిచెట్టు వీపూనా? భగవంతుడా, ఆమెకు తలనొప్పి రావాలి అని మొక్కుకున్నాను. నిజంగానే మొక్కుకున్నాను. ఆ చోటు నాకు దక్కకపోయినా ఫరవాలేదు, ఆమెకు దక్కకూడదు.

కచేరీ సగంలో ఒక పొడవాటి పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర నేను ఇప్పటికీ మాటలు తెలియక మూలుగుతుంటాను. కెమెరా ముందు వరస మీదికి తిరిగింది. పెద్ద తెర మీద ఒకామె కనిపించింది. జడ ఊడిపోయింది, రెండు చేతులతో కంచె పట్టుకుంది, కళ్లు మూసుకుని ప్రతి మాటా పాడుతోంది. మా ఆవిడని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది.

ఎప్పుడు నేర్చుకుంది? పదకొండేళ్లుగా కార్లో ఈ పాటలు పెడితే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. నాకోసం భరిస్తోందనుకున్నాను. నేనెప్పుడూ అడగలేదు.

అరవై దాటిన ఆ గాయకుడు స్టేజీ అంచుకు వచ్చి, వంగి, మైకు ఆమెవైపు చాపాడు. ఆమె కళ్లు తెరిచి అతని వంక చూసింది. నవ్వుతోంది, చెంపలు తడిసి ఉన్నాయి. నాకు కంచె సంగతే గుర్తులేదు. ఆ ముసలాయన్ని చూస్తే ఒళ్లు మండింది.

పెళ్లిలో మా మధ్య అడ్డుతెర దించగానే ఆమె నన్ను చూసిన తొలిచూపు నాకింకా గుర్తే. చాలా మర్యాదగా చూసింది.