‘మనోడే’ అన్న ఒక్క మాటకు నంద్యాల ప్రయాణం

ఆళ్లగడ్డలో ఉండే మా చిన్నమ్మ కార్డును ఏటీఎం దగ్గర ఎవడో మార్చేసి ఖాతా మొత్తం ఊడ్చేశాడు. అవి ఈ ఏడు చేను కౌలుకు కట్టాల్సిన డబ్బులు. కట్టకపోతే చేను ఇంకొకరికి పోతుంది, ఏడాది తిండీ పోతుంది. డబ్బు తిరిగివ్వలేమని బ్యాంకు జవాబు రాయడంతో నంద్యాలలో వకీలును కలుద్దామని బయల్దేరాం. ఇలాంటి పని మీద తిరిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను, ఉత్సాహంతో మాత్రం కాదు.

పొద్దున ఎనిమిదికి ఆళ్లగడ్డలో బస్సెక్కాం. శిరివెళ్ల మీదుగా గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు.

“యాడికి పోతాండావమ్మా, ఆస్పత్రికా?” అన్నాడు కండక్టర్.

“ల్యా నాయనా. దుడ్లు పోయినాయి, వకీలు దగ్గరికి.”

“పోయినవి యాడొస్తాయిలేమ్మా” అంటూ ముందుకు పోయాడు. నాకు ఒళ్లు మండింది.

బస్టాండు నుంచి షేర్ ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చి కోర్టు దగ్గర దిగాం. వకీలు ఫిర్యాదు నకలు చూశాడు. “మూడు పనిదినాల్లోపలే బ్యాంకుకు చెప్పినారు. తప్పు మీదీ గాదు, బ్యాంకుదీ గాదు, బయటోడు చేసినాడంటే నష్టం మీమీద పడదు” అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన ఆగాడు.

“ఇదేందమ్మా, తెలిసిన వ్యక్తికి కార్డూ పిన్నూ ఇచ్చినానని ఉందే?”

“నేనట్ల చెప్పల్యా సారూ. ఎవురికిచ్చినావంటే మనోడే, మంచిగ మాట్లాడె, అంటి.”

“ఎవురా మనోడు?”

“ఏమెరుక? సాయం చేస్తానని వచ్చిన పిల్లోన్ని ఇంగేమంటారు?”

మా వైపు దారి చూపినవాడూ మూట ఎత్తినవాడూ అందరూ మనోళ్లే. బ్యాంకులో అర్జీ రాసిపెట్టినాయన దాన్ని తెలిసినవాడని మార్చేశాడు. పిన్ నొక్కింది చిన్నమ్మే, కార్డు మార్చినవాడు పక్కన నిలబడి చూశాడు. అర్జీలో అది పిన్ ఇచ్చినట్టయింది. చిన్నమ్మ చదవకుండా సంతకం పెట్టింది.

నిజం వివరిస్తూ బ్యాంకుకు మళ్లీ రాయమన్నాడు వకీలు. ముప్పై రోజుల్లో తేల్చకపోయినా, కాదన్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. దానికి ఫీజూ లేదు, వకీలూ అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్ ఇంకో దారి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే. ఏటీఎం కెమెరా రికార్డు ఇంకా ఉంటే పోలీసులు తెప్పించాలి. “సంతకం పెట్టిన కాగితాన్ని మీరే కాదనాల. నెలలు పడతాది” అన్నాడు. ఫీజు ఇవ్వబోతే వద్దన్నాడు. గెలిచే కేసైతే ఫీజు ఎవరు వద్దంటారు?

తిరుగు బస్సులో ఉండగా చేను యజమాని ఫోన్ చేశాడు. వేరేవాళ్లకు ఇచ్చేశాడట. “సరే నాయనా” అంది చిన్నమ్మ. ఫోన్ పెట్టేసి, “ఇంగ నేనేం దున్నాల పాపా?” అని నన్నడిగింది.

చట్టం ఉంది, దారులూ ఉన్నాయి. వాటికోసం విత్తనాల అదును ఆగదు. మళ్లీ అర్జీ పెట్టాం గానీ నాకు ఆశ లేదు. మీ ఫిర్యాదు ఇంకొకరు రాస్తే, సంతకానికి ముందు గట్టిగా చదివించుకుని వినండి. మోసం చేసినవాణ్ని ముక్కూమొహం తెలియనివాడనే రాయించండి. మా చిన్నమ్మ ఇప్పుడు ఎవరినీ మనోడు అనడం లేదు.