దీవి జనానికి గొంతులు

"...గా పరాయోళ్ళ దిక్కు నేనెందుకు మాట్లాడాలె మల్లక్కా? ఊరంతా పొండ్రి పొండ్రి అంటుంటే నేనొక్కణ్ణి ఉండుండ్రి అనాల్నా? సినిమా చూసినోళ్ళు మొహం మీద ఉమ్మేస్తరు."

"నువ్వు కనబడనే కనబడవు జంగయ్యా, ఎవని మొహం మీద ఉమ్మేస్తరు?" అంది మల్లమ్మ. "నీ కొడుకు గా పరాయి మిలిటరీ వంటింట్ల పనికి కుదిరిండు. అప్పటిసంది నీ ఇంట్ల రెండు పూటలా పొయ్యి మండుతున్నది. గాళ్ళు పోతే నీ పొయ్యి ఆరిపోతది. మరి అరువవా?"

"నాకు కొడుకే లేడు గదనే!"

"ఇయ్యాల్టికి ఉన్నడు."

ఫిలింనగర్ కొండవాలు సందులో ఉన్న ఆ డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద కూర్చుని మల్లమ్మ తన గుంపుకు ఊరు పంచుతోంది, ఎవరు ఏ మనిషో, ఎవరిది ఏ కష్టమో. పని మొదలుపెట్టే ముందు ఆమె ఎప్పుడూ చేసేది అదే. తెర మీద జనం గోల చేస్తున్నప్పుడు ఆ గోల చాలావరకు షూటింగ్‌లో పట్టింది కాదు. ఇలాంటి గదిలో ఏడెనిమిది మంది మైకు చుట్టూ నిలబడి, కొందరు గోడవైపు తిరిగి, కొందరు అటూ ఇటూ నడుస్తూ, వందమందిలా వినిపిస్తారు. పెళ్ళి గోల, అంగడి గోల, చావింటి గోల. మల్లమ్మ జుట్టు ఆ గోలల్లోనే నెరిసింది.

ఆమె షేక్‌పేట పాత ఊళ్ళో పుట్టింది. ఒకప్పుడు ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని ఈ సందుల్లోనే కేకేసేది. అప్పట్లో ఈ థియేటర్ గోడలు పలచన. లోపల హీరోయిన్ ఏడుస్తుంటే మధ్యలో "తోటకూరా, గోంగూరా" అని వినబడేది. అప్పటి సౌండ్ ఇంజనీరు తల పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చి పోట్లాడేవాడు. ఆమె దారి మార్చుకోలేదు. ఆ సందులో ఆమెకు ఖాయంగా కొనే ఇళ్ళున్నాయి. చివరికి ఆయనే దిగొచ్చి, "బయటుండి చెడగొట్టే బదులు లోపలికొచ్చి అరవమ్మా" అన్నాడు.

మొదటిరోజు పెళ్ళి సీను. గుంపులో ఒకాయన ఎక్కాలు చదువుతున్నాడు, ఒకామె తన ఇంటి యజమానురాలిని తిడుతోంది. మాటలు ఎటూ వినబడవు కదా, నోటికి ఏదొస్తే అదే. మల్లమ్మ మాత్రం, "నేను పిల్ల దిక్కా, పిలగాని దిక్కా?" అని అడిగింది. పిల్లాడి వైపని చెప్పగానే, టేకు అయిపోయేదాకా వంకాయకూరలో ఉప్పు లేదని సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు మాటగా ఎవరికీ అందలేదు. కానీ అది పెళ్ళిలా వినబడింది.

ఈమధ్య గుంపుకు పిలుపులు తగ్గాయి. ఇప్పుడు కంప్యూటర్‌లోనే రకరకాల గోలలు తయారుగా దొరుకుతున్నాయి. ఈ సినిమా దర్శకుడు నాగసాయి మాత్రం నిర్మాతతో పట్టుబట్టి మనుషులనే పిలిపించాడు. ఇది నచ్చితే తర్వాతి సినిమాకూ వీళ్ళే అని మాటిచ్చాడు. మోతీనగర్ నుంచి బస్సు మారి వచ్చే హిమజ, ఆ మాట విన్న దగ్గర్నుంచి మొక్కులు మొక్కుతోంది.

కథ ఒక దీవిది. పక్కదేశంలో చిన్న దీవి. రేవు కడతామని వచ్చిన దూరదేశం ఒకటి రేవు పక్కనే ఓడల్లో తెచ్చి సైన్యాన్ని దింపింది. వేట ఆగి బెస్తవాళ్ళ పడవలు ఒడ్డెక్కాయి. హీరో వెళ్ళి ఆ సైన్యాన్ని తరిమేస్తాడు. నాగసాయి బందరు కుర్రాడు. పొద్దున్నే గుంపును కూర్చోబెట్టి కథంతా చెప్పాడు. "అక్కడ వాళ్ళు రాడార్ పెట్టారంటే మన ఒడ్డున ఏ పడవ కదిలినా వాళ్ళకి తెలిసిపోతుందండీ. మా ఊళ్ళో చేపల వేటకెళ్ళే వాళ్ళంతా ఇదే మాట్లాడుకుంటారు. నేను చిన్నప్పట్నుంచీ వింటున్న భయం ఇది" అన్నాడు. మల్లమ్మ శ్రద్ధగా విని, దీవిలో వాళ్ళు ఏం తింటారు, వేట ఆగిపోయాక ఏ పనికి పోతున్నారు అని అడిగింది. అతనికి తెలిసినవి చెప్పాడు, తెలియనివి ఇద్దరూ కలిసి కల్పించుకున్నారు.

మొదటి సీను ఆ సైన్యం కంచె దగ్గర దీవి జనం నిరసన. ఒక్క టేకులో అయిపోయింది. ఒకామె పడవ ఎండకు పగిలిపోతోందని ఏడ్చింది. హిమజ గోడవైపు తిరిగి శాపనార్థాలు పెట్టింది. అందరి మధ్యలోంచి జంగయ్య గొంతు, "ఉండనీయుండ్రి వాళ్ళను, ఉండనీయుండ్రి" అని బతిమాలింది. అద్దం వెనక సౌండ్ ఇంజనీరు స్ఫూర్తి చేతులెత్తి దండం పెట్టింది.

"ఆ ఒక్క గొంతు చాలండీ, ఒళ్ళు జలదరించింది" అన్నాడు నాగసాయి.

"నాకు లేని కొడుకు నిలబెట్టిండు సారూ" అన్నాడు జంగయ్య.

రెండో సీను, కథలో ఆ మర్నాటి ఉదయం. పరాయి సైన్యం వెళ్ళిపోయింది. అదే రేవులోకి మన యుద్ధనౌక వస్తోంది. దీవి జనం ఒడ్డుకు పరుగెత్తుకొచ్చి జై కొట్టాలి.

మొదటి టేకు చప్పగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోది అయ్యాక స్ఫూర్తి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "మల్లమ్మగారూ, మీ గొంతు విడిగా పెట్టి విన్నాను. మీరు జై అనట్లేదు."

"ఏమంటున్నారు?" అని నాగసాయి కూడా వచ్చాడు.

"‘మీరెన్ని రోజులుంటరు’ అని అడుగుతున్నారు."

గదిలో ఎవరూ నవ్వలేదు. నాగసాయి మల్లమ్మ ఎదుటికొచ్చి నిలబడ్డాడు. "అది మన ఓడ మల్లమ్మగారూ! మనది!"

"మనదే సారూ. నాకెర్కలేదా? మా తమ్ముని కొడుకు మిలిటరీల చేరి లడఖ్‌ల మంచుల నిలబడ్డడు. గాడు సెలవుల వస్తే షేక్‌పేటంతా వినబడేటట్టు నేనే జై అని కేకేస్త."

"మరి ఇక్కడేమైంది?"

"గీడ నేను గాళ్ళ గొంతు గదా. నిన్ననే ఒక ఓడను ఎల్లగొట్టిన. పడవ ఇంక నీళ్ళల్ల దింపనే లేదు. మళ్ళొక ఓడొచ్చింది. గది మంచిదా చెడ్డదా నాకింక తెల్వదు."

"అత్తా," అని హిమజ ఆమె కొంగు పట్టుకుంది. "ఒక్క జై గదనే. నోరెందుకు రాదు?"

జంగయ్య అందుకున్నాడు. "పొద్దుగాల పరాయోళ్ళకు నా తోటి మొక్కిచ్చినవు. ఇప్పుడు మనోళ్ళకు జై కొట్టనంటవు. లోకం నవ్వుతది మల్లక్కా!"

"నవ్వనీ. నీ కొడుకు వంటపని పోయింది, ఇంట్ల కూసున్నడు. రేవుల కొత్త ఓడొచ్చింది. నువ్వు ఉరికినవు. ఏమంటవు, నిజం చెప్పు."

జంగయ్య గడ్డం గోక్కున్నాడు. "వంటోళ్ళు కావాల్నా సారూ, అంట."

ఈసారి నాగసాయికి కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే కుర్చీలో కూలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. నవ్వు తగ్గాక అన్నాడు: "మీరు చెప్పేది నాకు అర్థమవుతోందమ్మా. కానీ ఆ జై దగ్గర హాలంతా చప్పట్లు మోగాలి. సినిమా నిలబడేది దాని మీదే. మన భయం తీరింది అని జనానికి తెలిసేది అక్కడే."

"నీ భయం నిజమే సారూ. బందరు ఒడ్డున నిలబెట్టు, జై కొడ్త. గొంతు పోయేదాకా కొడ్త. నువ్వు గాళ్ళ ఒడ్డున నిలబెట్టినవు."

"ఆ షాట్ మళ్ళీ తీయలేను. నిర్మాత ముందే అన్నారు, మనుషులతో తలనొప్పి అని. ఇది కాలేదని తెలిస్తే కంప్యూటర్‌లోంచి పెట్టేయమంటారు. తర్వాతి సినిమాకి మిమ్మల్ని పిలుస్తానని నేను మాటిచ్చాను. ఆ మాట ఇక నిలబెట్టుకోలేను. ఇది బెదిరింపు కాదమ్మా, ఉన్నది చెప్తున్నాను."

"ఎర్కే" అంది మల్లమ్మ.

ఆమె తన గుంపు వైపు తిరిగింది. హిమజ తల వంచుకుని ఉంది. జంగయ్య మైకు వైపు చూస్తున్నాడు. మల్లమ్మ హిమజ భుజం మీద చెయ్యి వేసింది.

"కొట్టాలనుంటే కొట్టు బిడ్డా. జంగయ్యా, నువ్వు గూడ. నేనేమనుకోను, ఎన్నడు గుర్తు చేయను."

తర్వాత నాగసాయితో అంది:

"పొద్దటి సీన్ల నా గొంతు వాడుకో సారూ. గా ఓడకు మాత్రం నేను జై కొట్టను."