సకీనా ఇంటి మిద్దె

మిద్దె పని మొదలుపెట్టే ముందు మున్వర్ మేస్త్రీ ఇంటివాళ్ళను పిలిచి ఎదురుగా నిలబెట్టుకునేవాడు. "రేపు కారితే నన్ను తిట్టేది మీరే. ఏది యాడుంటాదో ఇప్పుడే సూసి పెట్టుకోండి" అని ఒక్కొక్కటీ చేత్తో తట్టి చూపించేవాడు. ఈ గోడ మీది నుంచి ఆ గోడ మీదికి పోయే లావుపాటి మాను దూలం. బరువంతా మోసేది అదే. దూలానికి అడ్డంగా వరసగా పరిచే సన్నపాటి కొయ్యలు దంతెలు. దంతెల మీద నాపబండలు. బండల సందుల్లోంచి మన్ను రాలకుండా పచ్చి కానుగాకు, ఆకు మీద తొక్కి మెత్తగా చేసిన ఎర్రమన్ను, అన్నిటికీ పైన చౌడు. ఉప్పు పూసినట్టు తెల్లగా ఉండే ఆ మన్ను పైరుకు పనికిరాదు గానీ, వాన పడగానే బిగుసుకుపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. ఆ నీళ్ళు పోవడానికి ఒక మూల దోనె. అటువైపు వాటంగా లేకపోతే ఎంత మంచి చౌడు వేసినా దండగే అనేవాడు.

జమ్మలమడుగుకు పడమట, పెన్న ఒడ్డున ఉండే గువ్వలకొట్టాల ఆయన ఊరు. ఊళ్ళో సగం మిద్దెలు ఆయన వేసినవే. మేస్త్రీ అని ఆయననే పిలిచేవారు గానీ, భార్య సకీనా లేకుండా ఆయన ఏ మిద్దే వేయలేదు. మన్ను తొక్కేది, ఆకు పరిచేది ఆమె. చౌడు తవ్వేచోట చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఇది కాదు, ఇంగ కొంచెం అవతల తవ్వు" అనేది ఆమె. పెళ్ళైన ఏడాదే ఇద్దరూ కలిసి తమ ఇంటి మీద మిద్దె వేసుకున్నారు. వంటింట్లో ఆమె చెప్పినచోట వెలుతురు కోసం పైన గవాక్షి వదిలాడు. పొద్దున్నే అందులోంచి పడే ఎండలో కూర్చుని ఆమె బియ్యం ఏరుకునేది. ఒక్కతే కూతురు ఆర్షియా. ఆ ఇంట్లోనే పెరిగి, పెళ్ళి చేసుకుని పులివెందుల పోయింది.

పెన్న మీద కట్టిన డ్యాము నిండితే ఊరు మునుగుతుందని ఏళ్ళ తరబడి వింటూ వచ్చారు. విని విని నమ్మడం మానేశారు. ఆ ఏడు మాత్రం నీళ్ళు నిజంగానే పొలాల్లోకి వచ్చాయి. దూలాలు, దంతెలు, బండలు నీళ్ళలో వదిలేసుకోవడం ఎవరికీ మనసొప్పలేదు. వాటిని విరక్కుండా దించడం తెలిసినవాడు మున్వరే. తాను వేసిన మిద్దెలను ఒక్కొక్కటిగా తానే విప్పాడు. చౌడు చెక్కి, మన్ను తోసి, బండలు దించి, చివరికి దూలానికి తాళ్ళు కట్టి కిందికి వదిలేవాడు. ఇంటివాళ్ళు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

"మనది కడాన దించు" అంది సకీనా.

చివరికి తమ ఇంటి వంతు వచ్చిన రోజు ఆమె పొద్దున్నే లేచి ఇల్లంతా ఊడ్చింది. పైన ఉన్న మున్వర్ గవాక్షిలోంచి చూసి, "ఊడ్సి ఏం జేస్తావు మే, ఇంగ కాసేపటికి మన్నంతా ఆడనే పడతాది గదా" అన్నాడు.

"పడనీ. ఇల్లు గలీజుగా ఇడిసిపెట్టి పోయినారని ఎవురూ అనగూడదు."

జమ్మలమడుగు దగ్గర కొత్త కాలనీలో స్థలాలు ఇచ్చారు. అందరూ ముందు రేకుల షెడ్లు వేసుకున్నారు. మున్వర్ తన దూలాన్నీ దంతెలనూ బండలనూ షెడ్డు పక్కన పేర్చి పట్ట కప్పాడు. "ఈ రేకు ఎండను ఆపదు, తాగి మన మీదికి దింపుతాది. కొన్నాళ్ళు ఓర్సుకో. ఎండలు ముదిరేలోగా మన దూలం మన గోడల మీదుంటాది" అని భార్యతో చెప్పాడు. చెప్పినట్టే గోడలు లేపాడు.

అంతలో ఓబన్న వచ్చాడు. ఆయనదీ గువ్వలకొట్టాలే. "మామా, కోడలు పచ్చి బాలింత. షెడ్డులో బిడ్డ ఉడికిపోతాండాడు. మాది ముందు వేసియ్యవా?"

మున్వర్ సకీనా వైపు చూశాడు.

"పో. పసిబిడ్డ కంటే మనం ఎక్కువనా" అంది ఆమె.

ఓబన్న ఇల్లు అయ్యాక పక్కింటి పీరాంబీ వచ్చింది. ఆమె అత్త పక్షవాతంతో మంచాన ఉంది. ఈసారి ఆయన చూడకముందే సకీనా పార తీసుకుని లేచింది. ఊరి నుంచి తోలుకొచ్చిన చౌడు ఆ రెండిళ్ళకే అయిపోయింది. మళ్ళీ తెద్దామంటే చౌడునేల నీళ్ళ కింద ఉంది. వల్లూరు వైపు వెతికాడు, కమలాపురం వైపు వెతికాడు. ఒకప్పుడు తవ్విన నేలలన్నీ ప్లాట్లైపోయాయి. చివరికి రాజుపాలెం అవతల ఒక రైతు తవ్వుకోమన్నాడు. అప్పటికి ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి.

ఆర్షియా వచ్చి తల్లిని పులివెందుల తీసుకుపోయింది. వారం తిరక్కుండానే సకీనా వెనక్కి వచ్చేసింది. "నీ నాయన పనిలో పడితే బువ్వ తినేది గూడా మర్సిపోతాడు" అని కూతురితో చెప్పి బస్సెక్కింది.

దూలం ఎక్కింది. దంతెలు పరిచారు. బండలెత్తడానికి మరునాటికి మనుషుల్ని పిలిచి, మున్వర్ ట్రాక్టరు తీసుకుని రాజుపాలెం పోయాడు. పోతూ, "నేను వచ్చినంక మన్ను తొక్కుదాంలే, నువ్వు ఎండలోకి రావాకు" అన్నాడు. ఆమె సరేనంది. ఆయన వచ్చేసరికి మన్ను సిద్ధంగా ఉంటే మరునాడు సాయంత్రానికే మిద్దె పూర్తవుతుందని ఆమె అనుకుంది. ఒంటరిగా ఎర్రమన్నులో నీళ్ళు పోసి తొక్కడం మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నానికి తలతిరిగి, షెడ్డులోకి పోయి పడుకుంది. నీళ్ళకని వచ్చిన పీరాంబీ పిలిస్తే పలకలేదు. ఒళ్ళు కాలిపోతోంది, ఒక్క చెమట చుక్క లేదు. ఆటోలో జమ్మలమడుగు తీసుకుపోతే, అక్కడ ప్రొద్దుటూరు పొమ్మన్నారు.

మున్వర్‌కు చౌడు తవ్వేచోట ఫోను వచ్చింది. ఎవరిదో బండి వెనక కూర్చుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేరేసరికి ఆమె ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. వడదెబ్బ అన్నారు. ఆయన ఆమె ముఖం చూడలేదు, కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. పిక్కల దాకా ఎర్రమన్ను ఎండి అట్ట కట్టి ఉంది. తువ్వాలు తడిపి తుడుస్తూ, "రావాకు అంటి గదా మే. చెప్పి పోతి గదా" అని అదే మాట అంటూ ఉన్నాడు. పీరాంబీ చెయ్యి పట్టుకుని ఆపేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

ఖబరస్తాన్‌లో గుంత తవ్వినవాళ్ళు, దేహం మీద మన్ను పడకుండా పైన పరచడానికి బండలు కావాలన్నారు. ఎవరో టౌనుకు పోయి తెస్తామన్నారు.

"ఇంటికాడ ఉండాయి" అన్నాడు మున్వర్.

పట్ట తీసి, ఒక్కొక్క బండనూ వేలితో కొట్టి పగుళ్ళు లేనివి ఏరాడు. ఆమె తొక్కిన మన్నే రెండు బొచ్చెలకు ఎత్తించాడు. గుంతలోకి తానే దిగి బండలు పరిచి, సందుల్లో మన్ను మెత్తుతూ కూర్చున్నాడు. చుట్టూ జనం ఎదురు చూస్తున్నారు.

"పైకి రా మామా. ఇంగ సాలు" అన్నాడు ఓబన్న.

"ఈడ సందుండాది. మన్ను జారుతాది" అన్నాడాయన. ఇంకొంచెం మన్ను అడిగి తీసుకుని, చేత్తో సాపు చేసి, అప్పుడు పైకి వచ్చాడు.

చౌడు ట్రాక్టరు వాకిట్లో కుప్ప పోసి వెళ్ళిపోయింది. ఆయన దాని వైపు పోలేదు. తొలకరి దగ్గర పడుతుంటే ఓబన్న, కాలనీవాళ్ళు తక్కువైన బండలు తెచ్చి మిద్దె పూర్తి చేశారు. మున్వర్ షెడ్డు ముందు కూర్చుని చూశాడు. ఏమైనా అడిగితే తల ఊపేవాడు. ఇల్లు చల్లగా తయారైంది. మధ్యాహ్నాలు ముసలివాళ్ళు, పసిబిడ్డల తల్లులు వచ్చి అందులో పడుకునేవాళ్ళు. ఆయన మాత్రం షెడ్డులోనే ఉండిపోయాడు.

ఆర్షియా వచ్చి చూసింది. రేకుల కింద తండ్రి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుని ఉంది.

"ఇల్లు పెట్టుకుని ఈ ఉడుకులో ఎందుకుండావు నాయనా? లోపల సల్లగుండాది గదా."

"ఆయమ్మి ఈడనే గదమ్మా ఉన్నింది" అన్నాడాయన.

ఇల్లు పీరాంబీకి అప్పగించి, ఆర్షియా ఆయనను పులివెందుల తీసుకుపోయింది. పారలూ తాళ్ళూ ఆయన వెంట తెచ్చుకోలేదు. ఆర్షియాది స్లాబు ఇల్లు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు హాలులో గోడా కప్పూ కలిసేచోట తడి దిగి, చుక్కలు పడటం మొదలైంది. అల్లుడు నయీం కింద గిన్నె పెట్టి ఆయన దగ్గరికి వచ్చాడు.

"మామా, యాడి నుంచి వస్తాండాదో ఒకసారి పైకెక్కి సూస్తావా?"

మున్వర్ మంచం మీద నుంచే ఆ తడివైపు చూశాడు. ముఖం పక్కకు తిప్పుకుని, "ఎవురన్నా మేస్త్రీని పిలిపించు నాయనా" అన్నాడు.