గుర్రాల పొట్ట కింద మా నాన్న పేరు

నా చిన్నప్పుడు మా బోగోలు వైపు సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల పక్కన, పిల్లల పార్కు ఒకటి ఉండేది. ఉయ్యాలలు, జారుడుబల్లలు, చిన్న జెయింట్ వీలు, అన్నిటికంటే ముందు మా రంగులరాట్నం. 'మా' అనడానికి నాకు హక్కుంది. దాని కొయ్యగుర్రాలను చెక్కింది మా నాన్న. ఆయన పడవలు చేసే వడ్రంగి. పార్కు తెరవకముందే కామెర్లు వచ్చి పోయాడు. మిగిలిన రంగుల పనిని, కొడుకు పోయిన దుఃఖంలోనే, మా తాతయ్య పూర్తి చేశాడు.

పార్కు తెరిచిన రోజు పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, ప్రతి గుర్రం మెడ మీదా పార్కు ఆసామి పేరే. ఆయన్ని అనడానికేమీ లేదు. స్టీలు గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరు, పడవ మీద సొంతదారు పేరు ఉండడం మా అందరికీ అలవాటే. చేసినవాడి పేరు ఎవరు రాస్తారు? కానీ నా వెనక గుర్రం మీద కూర్చున్న పిల్ల ఆ పేరు కూడబలుక్కుని చదివి, "ఈయనెంత బాగా చేసినాడో!" అంది. నా గుండె భగ్గుమంది. రాట్నం ఆగగానే దిగి ఇంటికొచ్చేశాను. అన్నం ముట్టలేదు. సంగతి విని మా నాయనమ్మ, "సొమ్మొకడిది, సోకొకడిది" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజుల్లోనే మా బడి టీచరమ్మ ఒక సంగతి చెప్పింది. వేల ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో కుండలు చేసేవాళ్ళు, వాటి మీద బొమ్మలు గీసేవాళ్ళు కొందరు తమ పేరు రాసుకునేవారట. అదీ కుండే మాట్లాడుతున్నట్టు, 'నన్ను ఫలానావాడు చేశాడు' అని. ఆ మాట వెక్కుతూ వెక్కుతూ తాతయ్యకు చెప్పాను.

"కుండకు నోరుంటాదా అమ్మే?" అని నవ్వబోయి, నా మొహం చూసి, లేచి మిగిలిన రంగుడబ్బాలు వెతికాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పార్కుకు వెళ్ళాడు. "ఉప్పుగాలికి పొట్ట కింద కొయ్య పాడయిపోతాది సామీ, ఇంకో పూత వెయ్యాల" అన్నాడు ఆసామితో. ఆయన సరేనన్నాడు. తాతయ్య గుర్రం కింద వెల్లకిలా పడుకుని నన్నూ పక్కకు దూరి రమ్మన్నాడు. ఒక్కో పొట్ట మీదా పూత వేసి, అది ఆరాక నల్లరంగుతో 'నన్ను' అని రాసి, పక్కన మా నాన్న పేరు రాసి, 'చేసినాడు' అని ముగించాడు. ఆఖరి గుర్రం దగ్గర 'నన్ను' అని రాసి, నాన్న పేరు దాకా వచ్చి ఆగాడు. "నువ్వు రాయమ్మే, నా వల్ల కావడంలేదు" అంటూ కుంచె నా చేతిలో పెట్టాడు. వంకరటింకరగా నేనే రాశాను.

"పైనుంచి చూసేవాళ్ళకు కనపడదు గదా తాతా?" అన్నాను.

"నీకు తెలుసు గదా. అడిగినోళ్ళకి చెప్పు, అడగనోళ్ళకీ చెప్పు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ రాట్నం తిరిగింది. నేను పెళ్ళయి నాయుడుపేట వెళ్ళాను. పార్కుకు జనం తగ్గారని ఒకసారి, మూసేశారని ఇంకోసారి విన్నాను. సంసారంలో పడి ఆలస్యంగా వెళ్ళాను. జెయింట్ వీలు దిమ్మె ఒక్కటే మిగిలి ఉంది. "ఇనుమంతా పాత సామాను వాళ్ళు ఎత్తుకపోయినారమ్మా, కొయ్యంతా ఇటుకల బట్టీకి తోలినారు" అన్నాడు అక్కడి కాపలాదారు. ఆ దిమ్మె మీద కూలబడి, నా వయసు కూడా చూసుకోకుండా భోరున ఏడ్చాను. ఆసామి కొడుకుల మీద కోపం వచ్చింది, ఉప్పుగాలి మీద వచ్చింది. ఎక్కడో మ్యూజియం అద్దాల బీరువాల్లో భద్రంగా కూర్చుని, ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా తమను చేసినవాడి పేరు చెప్పుకుంటున్న ఆ గ్రీసు కుండల మీద మరీ వచ్చింది.

ఆ బట్టీలో మా గుర్రాల మంటకు కాలిన ఇటుకలు ఏ ఊళ్ళో ఏ గోడలయ్యాయో ఎవరికి తెలుసు? ఇప్పటికీ కావలి వైపు వెళ్ళినప్పుడు, సిమెంటు పూయని పాత ఇటుక గోడ కనిపిస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. దాని మీద అరచెయ్యి ఆనించి మా నాన్న పేరు పైకే అంటాను. ఒకసారి లోపల్నుంచి ఒకామె బయటికొచ్చి, "ఎవరి కోసం వచ్చినారమ్మా?" అని అడిగింది.

మా నాన్న కోసం అన్నాను.