ముందు సగం బావది, వెనక సగం అక్కది

పోయిన వారం సూర్యాపేటలో పని ముగించుకుని బస్టాండుకు నడుస్తుంటే, లారీల రిపేర్లు చేసే వరసలో ఒక షెడ్డు ముందు కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎర్రగా కాలిన ఉక్కుపట్టీని ఒకాయన పటకారుతో పట్టుకుంటే ఇంకొకాయన సుత్తితో కొట్టి వంపు తిప్పుతున్నాడు. కాలిన ఇనుము, గ్రీజు, పక్క బండి మీద వేగుతున్న మిర్చి, మూడు వాసనలూ కలిసి ముక్కుకు తగిలాయి. లారీ వెనక చక్రాల మీద ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించే విల్లులాంటి ఈ పట్టీలను మా దగ్గర కమాన్ కట్టలంటారు. నడిగూడెం బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకునేదానివి, నీకు వీటితో ఏం పని అని మీరు అడగొచ్చు. నాకు మాత్రం ఏం తెలుసు, అంతా మా బావ పుణ్యం. ఆయన వల్ల ఒకప్పుడు కొన్ని నెలల పాటు మా ఇంట్లో అన్నం తింటూ కూడా కమాన్ కట్టల గురించే మాట్లాడుకున్నాం.

బావ అంటే మా అక్క మొగుడు. మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలినవాడు. నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుంటే లారీ ఎంత మెల్లగా పోతుందో మీకు తెలుసు. దాని వెనక ఇరుక్కుని మీరూ ఎప్పుడో ఒకప్పుడు తిట్టుకునే ఉంటారు. ఆ తిట్లన్నీ మా బావకే. నడుం పట్టేసి లారీ మానేశాక కోదాడలో ఒక పాత అంబాసిడర్ కారు తెచ్చుకున్నాడు. అక్క అప్పటికే ఫంక్షన్లకు వంట ఆర్డర్లు పడుతోంది. ఆమె పప్పుచారుకు కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా పేరు; ఇంగువ వేసిన పోపు పడిందంటే వీధి చివరి మనిషి కూడా తల తిప్పి చూడాల్సిందే. ఆ గంజులు, అదే వంటల పెద్ద గిన్నెలు, ఎక్కించడానికే కారు. అలాంటిది ఒకరోజు బావ ఎక్కడో దెబ్బతిన్న జీపులోంచి పెద్ద ఇంజన్ ఒకటి తెచ్చి అందులో బిగించాడు. గంజుల బరువు ఎక్కువైందని అక్కతో చెప్పాడు. అక్క నమ్మినట్టు తల ఊపింది. ఆమె నమ్మలేదని నాకు తెలుసు.

అసలు సంగతి నా దగ్గర బయటపడింది. విమానాలు దిగని పాత రన్‌వే ఒకదాని మీద కార్ల పోటీలు పెడతారట. ఇద్దరేసి పక్కపక్కన నిలబడి, పచ్చ దీపం వెలగ్గానే తిన్నగా చివరిదాకా దూసుకుపోవడం, అంతే. మలుపుల్లేవు, ఎదురొచ్చే బండి లేదు. ఫోన్లో చూపిస్తూ బావ అన్నాడు: "ఇన్నేండ్లు నా ముందట ఎవడో ఒకడున్నడు పిల్లా, ఎనక ఎవడో ఒకడు హారన్ కొట్టిండు. ముందట ఎవ్వడు లేని రోడ్డు మీద ఒక్కపారి పాణం తీరా తొక్కాలె. ఇగ సాలు నాకు." ఆ మాట వింటే నవ్వొచ్చింది. అక్కకు నేనే చెప్పాను. ఆమె ఉల్లిగడ్డ కోస్తూ తల కూడా ఎత్తలేదు. "తొక్కుమను. గని ఆ తెల్లారి నా గంజులు ఎక్కాలె. బండి ఇరిగిందా, నా ఆర్డర్లు ఖతం. అప్పుడు ఈయన్ని ఆ రన్‌వే మీదనే ఇడిసిపెట్టి వస్త." అట్లా ఒకే బండి రెండు పనులకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఒప్పుకోనన్నది మాత్రం ఇంజన్ కాదు, బండి వెనక భాగం. లారీకి లాగే అంబాసిడర్‌కూ వెనక కమాన్ కట్టలే. ఒక్కసారిగా తొక్కితే వెనక చక్రాలు నేలను పట్టుకోకుండా దడదడా ఎగిరేవి, బండి ఉన్నచోటే గంతులేసేది. బావ సూర్యాపేట పోయి, తన లారీ రోజుల నుంచి తెలిసిన కమాన్ కట్టల ఉస్తాద్‌ను అడిగాడు. ఉస్తాద్ జవాబు ఎప్పుడూ ఒకటే: ఇంకో రెండు పట్టీలు వెయ్యి. మా వైపు లారీవాళ్ల లెక్క ఏమిటంటే, ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎంత ఎత్తుకు లేచి నిలబడితే బండి అంత గట్టిది. బావకూ వేరే లెక్క తెలియదు. పట్టీలు పడ్డాయి, అంబాసిడర్ వెనక భాగం పైకి లేచి ముక్కు నేలచూపు చూసింది. ఇద్దరూ మురిసిపోయారు. ఎంత వేసినా అది సిమెంటు మొయ్యదనీ, నాలుగు గంజులే మోస్తుందనీ వాళ్లకు గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

గుర్తొచ్చింది మిర్యాలగూడలో. గృహప్రవేశం భోజనాలు. దారిలో ప్రతి గుంతకూ నా తల టాపుకు కొట్టుకుంటూనే ఉంది. వెనక గంజుల మూతలు జాతరలో తాళాల్లా మోగాయి. అక్క ఒక చేత్తో సీటును, ఇంకో చేత్తో దేవుణ్నీ పట్టుకుని కూర్చుంది. దిగి డిక్కీ తెరిస్తే పప్పుచారు సగం గంజులో ఉంది, సగం స్టెప్నీ టైరు తాగింది. మునక్కాయ ముక్కలు జాకీ మీద ఆరేసినట్టు పడున్నాయి. మిగిలిన చారును అందరికీ సరిపోయేలా వడ్డించే సరికి అక్క ముఖం ఎర్రబడింది, ఆ ఇంటివాళ్ల ముందు తల ఎత్తలేకపోయింది. వస్తూ వస్తూ ఒకే మాట అంది: "నీ ఆశ నాకు అర్థమైతది. నా పేరు గూడ నీకు అర్థం గావాలె." బావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మిర్యాలగూడలోనే రైసుమిల్లులకు యంత్రాలు వెల్డింగ్ చేసే ఒకాయన బావకు దోస్తు. ఆయనది ఇంకో లెక్క. పట్టీలన్నీ పీకి పారేసి, సుడి స్ప్రింగులు పెట్టి, ఇరుసును నాలుగు కడ్డీలతో నాలుగు వైపులా పట్టుకోమన్నాడు. తవుడు దుమ్ము పేరుకున్న నేల మీద వేలితోనే బొమ్మ గీసి చూపించాడు. నేను ఇదెందుకు, అదెందుకు అని అడుగుతుంటే ఆయనకు హుషారు పెరిగి, గేటు దాకా బొమ్మ పోయింది. ముచ్చటగానే ఉంది, అబద్ధమెందుకు. కమాన్ కట్టైతే బరువూ అదే మొయ్యాలి, ఇరుసునూ అదే పట్టుకోవాలి. ఈ పద్ధతిలో ఎవరి పని వాళ్లది. కానీ దానికి బండి అడుగు కొయ్యాలి. ఒకసారి కోస్తే మళ్లీ వెనక్కి రాదు. అక్క ససేమిరా అంది. బావ రోజూ సాయంత్రం కారు కింద చాప పరుచుకుని పడుకుని పైకి చూస్తుండేవాడు.

చివరికి బావ ఒక ఉపాయం చెప్పాడు. తొక్కినప్పుడు అక్కడ ఏం జరుగుతుందో చూడకుండా ఎన్ని మాట్లాడుకున్నా దండగే గదా, అందుకని నా ఫోన్ అడిగాడు. కొత్త ఫోన్! అక్క పాత చీర చింపి, ఆ గుడ్డతో ఫోన్‌ను కారు అడుగున కమాన్ కట్టకు ఎదురుగా కట్టారు. నడిగూడెం అవతల ఖాళీ కాలువ కట్ట మీద బావ తొక్కాడు, నేను దుమ్ములో నిలబడి నా ఫోన్ కోసం దండం పెట్టుకున్నాను. తర్వాత ముగ్గురం బోనెట్ మీదికి వంగి, తలలు ఆనించి ఆ వీడియో మెల్లగా నడిపించి చూశాం. అబ్బ, ఏం చోద్యం! అంత గట్టి ఉక్కు పాములా మెలి తిరిగింది. ఇరుసు పైకి తిరగబోయి, పట్టీల ముందు సగాన్ని వంచి, ఒక్కసారి విడిపోయి తన్నింది, చక్రం ఎగిరింది. మళ్లీ మెలి, మళ్లీ తన్ను. ఎన్నిసార్లు చూశామో, దాహం సంగతే మరిచిపోయాం.

అక్క తెర మీద వేలు పెట్టింది. "మెలి తిరిగేది ముందు దిక్కే గదా? అయితే ముందు సగం గట్టిగ బిగించుకో, అది నీది. ఎనక సగం మెత్తగ ఇడిసిపెట్టు, అది నా చారుది." బావ ఆమె వంక చూసి, నా వంక చూసి, మళ్లీ ఆమెనే చూశాడు. "ఇన్నొద్దులు యాడికి వోయినవే?" అన్నాడు. "పొయ్యి కాడ ఉన్న. నువ్వు అడిగినవా?" అంది అక్క. మర్నాడు కొత్త పట్టీలు రెండూ ఊడొచ్చాయి. ముందు సగానికి బిగుతైన క్లిప్పులు పడ్డాయి, ఇరుసు తిరగకుండా ఒక్కో పక్కన ఒక్కో కడ్డీని మిర్యాలగూడ దోస్తు బండి అడుగు కొయ్యకుండానే వెల్డింగ్ చేసిచ్చాడు. నిండు గంజుతో హుజూర్‌నగర్ దాకా పోయొచ్చాం. చారు కదిలింది గానీ ఒలకలేదు. అక్క మూత తీసి చూసి, గరిటెడు పోసి బావకు తాగించింది.

పోటీ రోజున అక్క కూడా వచ్చింది, బండికి కాపలా అని చెప్పి. అక్కడ డాక్టరు ఒకాయన అందరికీ బీపీ చూస్తున్నాడు. బావది చూసి పక్కన కూర్చోబెట్టాడు. కొంచెంసేపాగి మళ్లీ చూస్తే ఇంకా పెరిగింది. "లారీ తోలిన మనిషిని సార్, గీ జర్ర దూరానికి ఏమైతది" అని బతిమాలుకున్నాడు. డాక్టరు మర్యాదగానే కుదరదన్నాడు. పోటీకి పేరిచ్చేటప్పుడు ఇద్దరు డ్రైవర్ల పేర్లు రాయాలంటే రెండోది ఊరికే నాది రాశారు, ఆ కారు మీదే నేను డ్రైవింగ్ నేర్చుకున్నానని. బావ హెల్మెట్ నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, వద్దంటే వద్దన్నాను. అక్కే నన్ను నెట్టింది: "పో. తొక్కకుంటే ఏమాయె, సూసే కండ్లు ఆయనకున్నయ్ గదా."

పచ్చ దీపం వెలిగింది. బండి ఒక్క గంతు కూడా వెయ్యలేదు. వెనక కుదురుగా కిందికి కూర్చుని, నన్ను ముందుకు విసిరింది. పక్క లైనులో రంగుల కారు ఎప్పుడో వెళ్లిపోయింది, ఓడిపోయాం, అది వేరే సంగతి. తిరిగొచ్చేసరికి బావ పరుగెత్తుకొచ్చాడు. నన్ను పలకరించలేదు, వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. "కూసుంది పిల్లా! బర్రె కూసున్నట్టు కూసుంది! లోపలుంటే నాకు గిది కనవడేదే గాదు" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అక్క కింద వంగి, ఏదీ విరగలేదని చూసుకుని, రేపటి ఆర్డరుకు కందిపప్పు నానబెట్టాలి పదండి అంది.

దారిలో సూర్యాపేట దాటాక బావ మెల్లగా అడిగాడు: "లోపల ఎట్లుండె?" ఆయన జీవితమంతా కోరుకున్నది నా దగ్గర ఉంది, ఎట్లా తిరిగివ్వాలో తెలియలేదు. బాగుండె బావా, అన్నాను. ఆయన ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు. ముందు ఎవ్వరూ లేరు బావా, అన్నాను. వెనక హారన్ లేదు, రోడ్డు మొత్తం నీదే అన్నట్టుండె. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఇప్పటికీ కోదాడ పోతే, అక్క లోపలికి వెళ్లగానే, ఆ ప్రశ్నే అడుగుతాడు. నేను మొదటి నుంచి మళ్లీ చెబుతాను, ప్రతిసారీ అప్పటిదాకా చెప్పనిది ఏదో ఒకటి గుర్తొస్తుంది. అక్కడ ఆ పరుగు కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఇంకా రన్‌వే చివరిదాకా చేరలేదు.