రెల్లుపూలలో మా మేనత్త యుద్ధం

మా మేనత్త పోయిన సంగతి మావయ్యే ఫోన్ చేసి చెప్పాడు. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. సంతోషమైనా దుఃఖమైనా రైలు భాషలో తప్ప చెప్పలేడు. "మీ అత్త బిఫోర్ టైమ్ ఎల్లిపోయిందమ్మా," అన్నాడు. ఆ ఊళ్లోనే బర్మామైన్స్‌లో ఉండే నేను బాగ్‌బేరాలోని వాళ్లింటికి చేరేసరికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయాయి.

పదోరోజు, దండ వేసి పెట్టిన ఫోటో చూసి పంతులుగారు కాస్త తడబడ్డారు. అందులో మా అత్త ఎర్రచీర కొంగు గాల్లో తేలుతుండగా, రెండు చేతులతో వెదురుకర్ర పైకెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"వేరే ఫోటో ఏదైనా..." అన్నారాయన మెల్లగా.

"ఉన్నాయండి. అన్నింట్లోనూ ఆధార్ కార్డులాగుంతాది. ఇందులోనే మా ఆవిడలాగుంది," అన్నాడు మావయ్య.

ఆ ఫోటో తీసింది నేనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అత్తకి చైనా కత్తియుద్ధాల సినిమాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో హిందీ మాటలతో వచ్చేవి. మొదట్లో బియ్యం ఏరుకుంటూ ఓ కన్నేసేది. ఒకరోజు చేట ఒళ్లో అలాగే ఉండిపోయింది. తెరమీద మంచు కురుస్తోంది. ఒక ఇంటికప్పు మీద తెల్లబట్టల అమ్మాయి, ఎదుటి కప్పు మీద నల్లబట్టల అబ్బాయి. ఇద్దరూ ఒకేసారి గాల్లోకి లేచారు. కత్తులు తాకాయి, చేతులు తాకలేదు. ఆమె వెడల్పాటి రైకచేతి అంచు అతని చెంప పక్కనుంచి పొగలా జారిపోయింది.

"ఎందుకత్తా అలా కొట్టుకుంటున్నారు?" అన్నాను.

"కొట్టుకోడం ఏటే పిల్లా! ఆడి సూపు సూడు. సంపడానికొచ్చి, సూపు తిప్పుకోలేక ఆడే సత్తన్నాడు."

మన సినిమాలు ఆమెకి ఆనేవి కావు. "మనకి పేమొత్తే ఎనకాల యాభైమంది గెంతాల. ఈళ్లకి ఒక్క ఆకు రాలితే సాలు," అనేది.

మావయ్య పేపరు దించకుండానే అభ్యంతరాలు చెప్పేవాడు. "అందరూ గాల్లో నడిస్తే సిగ్నలెవుడు సూత్తాడు?" "ఆ తెల్లబట్టలు మన యార్డు పక్కన ఆరెయ్యమను, సాయంత్రానికి ఏ రంగో తేలుద్ది."

అత్త పట్టించుకునేది కాదు. పాత పట్టుచీర చింపించి, మోకాళ్ల దాకా వేలాడే చేతులతో రైక కుట్టించుకుంది. మొదటిరోజే కుడిచెయ్యి చేపలపులుసులో మునిగింది. ఎడమచెయ్యి తలుపు గొళ్లేనికి తగులుకుని ఆమెని గుమ్మంలోనే ఆపేసింది. నేను విడిపిస్తుంటే ఆలోచనగా అంది: "ఆ సినిమాల్లో ఒక్క ఆడదీ వంట సెయ్యదెందుకో ఇప్పుడు తెలిసిందే."

నవ్వుకునేవాళ్లం. కానీ ఆమె అంత నవ్వుతూ లేదని మావయ్య రిటైరయ్యాక తెలిసింది. ఉద్యోగమంతా ఆయన లైను మీదే ఉండేవాడు. ఇంటికొస్తే నిద్ర, లేస్తే మళ్లీ డ్యూటీ. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉన్నా ఇద్దరికీ మాటలు దొరకడం లేదు. కూర బాగుంటే తింటాడు, బాగోకపోయినా తింటాడు. ఆమె జుట్టుకి రంగేసుకుంటే వారం దాకా గమనించలేదు.

"బండికి ఎనకాల కూకుని, దాటిపోయిన టేసన్లు సూసే ఉద్యోగమే అది. ఎదురుగా ఉన్నది ఎలా కనబడుద్ది?" అంది నాతో. ఆ మాటతో పాటు ఇంకోటీ చెప్పింది. బొబ్బిలిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోందట. టికెట్ కూడా తీసేసుకుందట. తిరిగి ఎప్పుడని అడిగితే మాట మార్చింది. "ఎల్లేముందు ఒక్కటే కోరికే. ఏట్లో రెల్లు పూసింది. ఒక్క సీను సెయ్యాల. మీ మావయ్యని ఒప్పించు."

ఎలా ఒప్పించానో నాకే తెలియదు. బహుశా ఆ టికెట్టే ఒప్పించి ఉంటుంది.

మాంగో వంతెన అవతల, సువర్ణరేఖ ఏటి ఒడ్డు పొడుగునా రెల్లు విరగబూసి ఉంది. ఎటు చూసినా తెలుపే. అత్త పెళ్లినాటి ఎర్రచీర కట్టుకుంది, చేతిలో వెదురుకర్ర. మావయ్య చేతిలో గొడుగు, ముఖంలో దంతవైద్యుడి దగ్గరికొచ్చిన భయం.

"నన్నేటి సెయ్యమంతావు?"

"ఏటీ సెయ్యొద్దు. గొడుగు కత్తిలా పట్టుకుని నన్ను సూడండి. కన్నార్పకండి."

మావయ్య చూశాడు. మొదట, వచ్చే బండిని చూసినట్టు చూశాడు. అంతలో గాలి లేచింది, రెల్లంతా ఒకవైపు ఒరిగింది, ఎర్రకొంగు ఎగిరింది. ఆయన ముఖం మారడం, ఫోటో కోసం పట్టుకున్న ఫోన్లో స్పష్టంగా కనిపించింది నాకు. గొడుగు పైకి లేచింది, అత్త కర్ర లేచింది. రెండూ టక్‌మని తగిలాయి.

సరిగ్గా అప్పుడే గడ్డికోసే ఒకావిడ కొడవలితో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే ఓ ఆటో డ్రైవరు.

"ఏ చాచా! ఔరత్ పర్ హాథ్ ఉఠాతే హో?" ఆడమనిషి మీద చెయ్యెత్తుతావా అంటూ కొడవలి ఆయన వైపు తిప్పింది.

మావయ్య గొడుగు వదిలేసి రెండు చేతులూ ఎత్తాడు. "లడాయీ నహీ హై బహన్! ప్యార్ హై... ప్యార్!" పోట్లాట కాదట, ప్రేమట.

అత్త కర్ర చేతిలోంచి జారిపోయింది. పెళ్లయ్యాక ఆ మాట ఏ భాషలోనూ ఆయన నోట ఆమె విని ఉండదు.

"ఇస్ ఉమర్ మే?" ఈ వయసులోనా అన్నాడు ఆటో డ్రైవరు నోరు తెరిచి.

"నౌక్రీ మే టైమ్ నహీ మిలా," అన్నాడు మావయ్య. ఉద్యోగంలో తీరిక దొరకలేదని, లేటయిన బండికి కారణం రాసిచ్చినంత నిజాయితీగా.

కొడవలావిడ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని, సరే కానివ్వండి, మేమూ చూస్తాం అంది.

ప్రేక్షకులు దొరికాక మావయ్యకి ఏం పూనిందో, గొడుగు తీసుకుని గాల్లోకి ఎగిరాడు. ఎగరడం బాగానే ఎగిరాడు. దిగడం మాత్రం మోకాళ్ల దాకా బురదలో దిగి, ఆపైన కూలబడ్డాడు. అత్త కర్ర అందుకుని, గెలిచినట్టు పైకెత్తి, పగలబడి నవ్వింది. ఫోటో ఆ క్షణానిదే. మావయ్య అందులో లేడు, బురదలో కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. నేను లేవదీయబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"టికెట్టు కేన్సిలు సేయించీమంతావా?" అని అక్కణ్ణుంచే అత్తని అడిగాడు.

"ముందు లెగండి," అంది అత్త. కళ్లు తుడుచుకుంటూనే చెయ్యి అందించింది.

బొబ్బిలి వెళ్లలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ గొప్పగా కబుర్లు చెప్పుకున్నారని అనను. పేపరు మాత్రం సినిమా అయ్యేదాకా మడిచి ఉండేది. గుండెపోటు ఆమెని తీసుకుపోయేదాకా ఏ ఆదివారమూ సినిమా మధ్యలో ఆ మడత విప్పలేదు.

ఆ రెల్లుపూల యుద్ధం అయిన సాయంత్రం స్కూటర్ మీద వాళ్లు ముందు వెళ్తుంటే నేను ఆటోలో వెనకాల వచ్చాను. వంతెన మీద గాలి బాగా వీస్తోంది. అత్త కొంగు సర్దుకోలేదు, మావయ్య సర్దుకోమనలేదు. ఒళ్లంతా ఎండిన బురదతో నిటారుగా కూర్చుని, చాలా నెమ్మదిగా పోనిస్తున్నాడు. వెనక బస్సులు ఒకటే హారన్లు. కింద ఏరు, పైన సంధ్య, మధ్యలో ఆ ఎర్రకొంగు మాంగో వంతెనంతా తేలుతూ దాటింది.