మామ కనిపెట్టిన గడ్డ

మామ పోయిన కబురు నాకు జగిత్యాలలో అందింది. టీచర్ల శిక్షణ ఉందని పొద్దున్నే సిరిసిల్లలో బస్సెక్కి వెళ్లాను. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా పక్కింటి చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, మామ కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. పిలిస్తే పలుకుతలేడు. నువ్వు జల్ది రా" అంది. ఆమె గొంతులోనే నాకు సంగతి తెలిసిపోయింది. డబ్బా మూత మళ్లీ పెట్టి బస్టాండుకు నడిచాను.

మామ అంటే నా భర్త తండ్రి. అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది. కొన్నేళ్ల కింద నా భర్త గుండెపోటుతో పోయాడు. మాకు పిల్లలు లేరు. ఇక ఆ ఇంట్లో మిగిలింది మామ, నేను, ఆయన కొడుకు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్క పండు. కోరుట్లలో ఉండే మా అమ్మవాళ్లు వచ్చెయ్యమన్నారు. మామను అడిగితే, "పోతనంటే పో బిడ్డా, ఉంటనంటే ఉండు. నీ ఇల్లే ఇది" అన్నాడు. నన్ను బిడ్డా అని పిలవడం అప్పుడే మొదలుపెట్టాడు. నేను ఉండిపోయాను.

ఆయన బతుకంతా సాంచాల మీదే గడిచింది. మరమగ్గాలను మా సిరిసిల్లలో అట్లాగే అంటారు. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి, మాట కూడా తగ్గింది. కుక్కను గడప దాటనిచ్చేవాడు కాదు. "దాని జాగ బయటనే" అనేవాడు. కొడుకు పోయాక మా ఇద్దరి మధ్యా మాటలంటే తిన్నావా, తలుపేశావా అన్నవే. ఆ పేరు ఎత్తితే ఎదుటివాళ్లు ఏమైపోతారోనని ఇద్దరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పండు ఆయన మోకాలి మీద తల పెట్టుకుని ఉంది. దాని వీపు మీద ఆయన చెయ్యి ఉంది. నన్ను చూసి తీసెయ్యబోయాడు, ఏమనుకున్నాడో అట్లాగే ఉంచాడు. నేను చూడనట్టు లోపలికి వెళ్లాను. ఆ తర్వాత అది రోజూ ఉండే అలవాటైంది.

అట్లా నిమురుతూనే ఒకరోజు నన్ను పిలిచాడు. "బిడ్డా, గిటు రా. గీడ చెయ్యి పెట్టి సూడు."

పండు పక్కటెముకల మీద నిమ్మకాయంత గడ్డ. మెత్తగా ఉంది, నొక్కితే చర్మం కింద జరుగుతోంది. ఆయన నా చేతిని వెనక తొడ మీదికి జరిపాడు. అక్కడ ఇంకొకటి, బఠానీ గింజంత. దాని మీద వెంట్రుకలు రాలి ఎర్రగా ఉంది. గోమారు పురుగు కుట్టి ఉంటుంది, పసుపు పెట్టమంది పక్కింటి చెల్లె. అది మర్నాటికి ఉబ్బింది, ఆ తర్వాత దానంతట అదే తగ్గింది.

"చిన్నది తగ్గింది గద మామా. పెద్దదే చూపిద్దాం" అన్నాను.

"తగ్గింది. మొన్న ఉబ్బింది గూడ. గీ ఉబ్బుడు, తగ్గుడు ఏంది? రెండు చూపిద్దాం. దాన్ని పిసుకకు."

కోరుట్ల పశువుల దవాఖానలో కుక్కలను బాగా చూస్తారని మా అమ్మ చెబితే ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. పండు మా ఇద్దరి మధ్య కూర్చుంది. చందుర్తి దాటాక మామ రోడ్డు వైపే చూస్తూ, "వాడు గూడ ఒకసారి ఛాతిల మంటన్నడు. సోడ తాగుమన్న" అన్నాడు. మళ్లీ, "నేనే అన్న" అన్నాడు.

"నాకు గూడ మంటనే అని చెప్పిండు మామా" అన్నాను. పోయినవాడి గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. కోరుట్ల వచ్చేదాకా ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ రెండు గడ్డల్లోంచీ సన్న సూదితో కొంచెం తీసి, గాజు పలకల మీద పూసి, లోపల సూక్ష్మదర్శినిలో చూసి వచ్చింది. "పెద్దది వట్టి కొవ్వు గడ్డ. వయసు పైబడ్డ కుక్కలకు వస్తయి, ఏం భయం లేదు. నాకు గీ చిన్నదాని మీదనే అనుమానం. దీంట్ల క్యాన్సర్ కణాలున్నయి. ఈ రకం గడ్డను కదిలిస్తే ఉబ్బుతది, మళ్ల తగ్గుతది. తగ్గింది గదా అని చాలామంది ఊకుంటరు. చేత్తో పట్టి చూసి మంచిదో చెడ్డదో నేను గూడ చెప్పలేను, సూదితోనే తెలుస్తది" అంది.

"బతుకుతదా బిడ్డా?" అని అడిగాడు మామ.

"జల్దినే తెచ్చిన్రు. చుట్టూ ఉన్న మంచి చర్మం గూడ కొంచెం కలిపి తీసేస్తం."

ఆపరేషన్ రోజు మా అమ్మ దవాఖానకొచ్చి అన్నానికి పిలిచినా ఆయన దవాఖాన బల్ల మీద నుంచి కదల్లేదు. పండును బయటికి తెచ్చినప్పుడు అది మత్తులో తూలుతోంది. మామ కండువా నేల మీద పరిచి దాన్ని పడుకోబెట్టాడు. "లే నాయినా, ఇంటికి పోదాం" అన్నాడు. కొడుకును పిలిచిన పిలుపది. మా అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

గడ్డ మొత్తం తీసేసినట్టు తర్వాత రిపోర్టులో తేలింది. కానీ ఇంకోచోట రావచ్చు, ఒళ్లంతా చూస్తూ ఉండమన్నారు. ఆ చూడటం నాకు మామే నేర్పాడు. చెవుల వెనక, దవడల కింద, చంకల్లో, పొట్ట మీద, కాలివేళ్ల సందుల్లో. నేను గబగబా తడిమితే ఒప్పుకునేవాడు కాదు. "ఆగాగు. పొయ్యి మీద పాలున్నయా ఏంది?" అనేవాడు. ఆ పూట బడిలో ఏం జరిగిందో అప్పుడే అడిగేవాడు. కొడుకు చిన్నప్పటి అల్లరి అప్పుడే చెప్పేవాడు. పండు వెల్లకిలా పడుకుని నిద్రపోయేది. మేమిద్దరం తండ్రీకూతుళ్లమైంది అక్కడే, ఆ కుక్కకు చెరోపక్క కూర్చునే.

మామ దినాలయ్యాక వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కోరుట్లకు రమ్మని మా అమ్మ మళ్లీ అడిగింది, చూస్తానన్నాను. టీవీ పెట్టినా ఇల్లు బోసిగానే ఉంటుంది. పండు తిండి తగ్గించింది, సాయంత్రం కాగానే అరుగెక్కి కూర్చుంటుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చుంటున్నాను. పోయిన వారం అట్లా తడుముతుంటే ఛాతీ కింద కొత్తగా ఒక గడ్డ తగిలింది. పిలిచి చూపడానికి ఎవరూ లేరు.

మర్నాడు సెలవు పెట్టి ఒక్కదాన్నే పండును తీసుకుని కోరుట్ల వెళ్లాను. డాక్టరమ్మ నా వెనక తలుపు వైపు చూసి, "పెద్దాయన రాలే?" అంది. చెప్పాను. పండు వీపు మీద ఆమె చెయ్యి కాసేపు ఆగిపోయింది. తర్వాత సూది తీసుకుంది. లోపలికి వెళ్లి వచ్చి, "కొవ్వు గడ్డనే మేడం. ధైర్యంగ పోండ్రి" అంది.

బయటికొచ్చి ఫోన్ తీశాను. ఎవరికి చెప్పాలో తోచక మళ్లీ సంచిలో వేసుకున్నాను.

తిరుగు దారిలో చందుర్తి దగ్గర ఆటోఅతను చాయ్‌కి ఆపాడు. చాయ్ బండి దగ్గర ఒక పెద్దామె గ్లాసులు కడుగుతోంది. ఆమె ఎవరో నాకు తెలియదు. చాయ్ అందుకుంటూ, "మా కుక్కకు గడ్డ లేసిందమ్మా. దవాఖానకు తీస్కపోయిన. ఏం కాదన్నరు" అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. "మంచిగాయె బిడ్డా" అని సీసాలోంచి ఒక బిస్కెట్ తీసి, తడి చేతులతోనే ఆటో దగ్గరికి నడిచింది. పండు ఆమె అరచేతిలోంచి బిస్కెట్ తీసుకుని, తిన్న తర్వాత కూడా ఆ చేతిని చాలాసేపు నాకుతూనే ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.